స్వీయచరిత్రలలో తల్లిదండ్రులు

స్వీయచరిత్రలను మనము సాధారణముగా వానిని వ్రాసిన గొప్పవారి కొఱకే చదువుదుము. వారేమి సాధించిరి, ఎవరితో పోరాడిరి, ఎట్లు గెలిచిరి అని చూతుము. మొదటి అధ్యాయములలో కనిపించు తల్లిని, తండ్రిని ఒకమాఱు పలుకరించి ముందునకు సాగిపోవుదుము. కాని చరిత్రదృష్టితో చదువువారికి ఆ మొదటి అధ్యాయములలోనే ఒక చిక్కు ఎదురగును. అక్కడ మాటలాడునది బిడ్డ. తల్లియో తండ్రియో మాటలాడరు. ఆ పుటలు వ్రాయు నాటికి వారిలో పెక్కుమంది జీవించియుండరు. తమను గూర్చి చెప్పిన మాటకు బదులు చెప్పజాలరు. న్యాయస్థానమున ఒక పక్షము వాదము మాత్రమే విని తీర్పు చెప్పరాదని మనమందఱమును ఒప్పుకొందుము. పుస్తకము చేతబట్టినప్పుడు మాత్రము ఆ నియమమును మఱచిపోవుదుము.

మన తెలుగు పుస్తకములతోనే ఆరంభింతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము మొదటి భాగము 1911లోను, రెండవ భాగము 1915లోను వెలువడినవి. 1848లో రాజమహేంద్రవరమున జన్మించిన పంతులుగారికి నాలుగేండ్ల ప్రాయముననే పితృవియోగము కలిగెను. నాలుగేండ్ల బాలునకు తండ్రిని గూర్చి స్వయముగా గుర్తుండునది ఎంత? ఇంటిలోని పెద్దలు చెప్పగా విన్నదే అధికమై యుండును. కావున అట్టి తండ్రి చిత్రమును చూచునప్పుడు దాని వెనుక ఒక తల్లి కంఠము, ఒక పెదతండ్రి కంఠము కూడ ఉన్నవని మనము గుర్తింపవలెను.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి 'నా జీవిత యాత్ర'లో తల్లి సుబ్బమ్మగారి స్థానము పెద్దది. భర్త గతించిన పిమ్మట ఆమె ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి బిడ్డలను పెంచెను. ఆ దినములలో ఆ వృత్తికి సంఘమున గౌరవము లేదు. ఆ యింట పెరిగిన బాలుడే బారిష్టరై, 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానియు, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియు నయ్యెను. తల్లి పడిన కష్టమును ఆయన దాచలేదు. అది ఆ గ్రంథమునకు శోభ. కాని అక్కడ మనకు దొరకునది కృతజ్ఞుడైన కుమారుని సాక్ష్యము. పొయ్యి యొద్ద నిలిచిన ఆమెకు ఏ పూట ధైర్యము చాలెనో, ఏ పూట చాలలేదో, కుమారుని యందు ఆమె ఏమి ఆశించెనో ఆమె మాటలలో మనకు లేదు. ఆమె పుస్తకము వ్రాయలేదు. ఇట్టి సందర్భమున సాక్షి యొక్కడే. ఆ సాక్షిని గౌరవింతము. సాక్ష్యము సంపూర్ణమని మాత్రము భ్రమపడరాదు.

ఒకే సాక్షి రెండు తడవలు సాక్ష్యమిచ్చిన సందర్భములును గలవు. దానికి ఇంగ్లండు నుండి ఒక ఉదాహరణము చెప్పవచ్చును. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు సముద్రజీవులను పరిశోధించి, గాజుతొట్లలో వానిని పెంచు పద్ధతిని ప్రచారము చేసినవాడు. తన మతవిశ్వాసములందు మిక్కిలి కఠినుడు. ఆయన 1888లో మరణించెను. కుమారుడు ఎడ్మండ్ గాస్ 1890లో తండ్రి జీవితచరిత్రను గౌరవపూర్వకముగా వ్రాసెను. పదునేడేండ్లు గడచిన పిమ్మట, 1907లో, 'తండ్రి, కొడుకు' అను అర్థము వచ్చు పేరుతో మఱియొక గ్రంథమును మొదట తన పేరు లేకుండ ప్రకటించెను. ఇందు తండ్రి విశ్వాసపు బరువు క్రింద ఊపిరాడక పెరిగి, కడకు తన దారిని తాను ఎన్నుకొన్న బాలుని కథ గలదు. లోకము ఈ రెండవ పుస్తకమునే చదివినది. తండ్రిని ఆ రూపముననే గుర్తుంచుకొన్నది. 2002లో ఆన్ థ్వైట్ అను రచయిత్రి ఆ తండ్రి జీవితచరిత్రను నూతనముగా వ్రాసి, ఆయన అంతటి చీకటి మనిషి కాడనియు, ప్రేమయు ఉత్సాహమును గలవాడనియు నిరూపింప యత్నించెను. కొడుకు అబద్ధమాడెనని దీనివలన తేలదు. బాలుని అనుభవము ఒకటి, ఏబది యేండ్లు దాటినవాని జ్ఞాపకము వేఱొకటి. జ్ఞాపకము తనకు కావలసిన దానిని ఏరుకొనును.

ఈ భేదమును దాచక చెప్పిన స్వీయచరిత్రకారులు అరుదు. అట్టివారిలో గాంధీజీ ఒకరు. ఆయన ఆత్మకథ 1925 మొదలు 1929 వఱకు 'నవజీవన్' పత్రికలో గుజరాతీభాషలో ధారావాహికముగా వెలువడినది. అందు పదునైదేండ్ల ప్రాయమున తాను చేసిన దొంగతనమును ఆయన వివరించిరి. అన్నగారి అప్పు తీర్చుటకై ఆ యన్నగారి కడియము నుండియే కొంత బంగారమును తీసిరి. మనసు నిలువలేదు. తప్పు నొప్పుకొని, శిక్షింపుమని వేడుచు ఒక చీటీ వ్రాసి, బల్లపై వ్యాధితో పండుకొనియున్న తండ్రి కరంచంద్ గాంధీగారి చేతికిచ్చిరి. తండ్రి లేచి కూర్చుండి చదివెను. కన్నీరు కాగితముపై పడెను. క్షణకాలము కన్నులు మూసికొని, చీటీని చింపివేసి, మరల పండుకొనెను. నోట ఒక్క మాటయు లేదు.

ఇక్కడ మనము నిదానింపవలసిన సంగతి ఒకటి గలదు. ఆ నాడు ఆ కన్నీటిలో తనకు తండ్రి ప్రేమ మాత్రమే కనబడెననియు, అది శుద్ధమైన అహింస యని తరువాతనే తెలిసెననియు గాంధీజీ స్వయముగా చెప్పిరి. అనగా తండ్రి మౌనమునకు అహింస యని పేరు పెట్టినది కొడుకు; అదియు ఇంచుమించు నలువదేండ్లకు పిమ్మట. ఆ తండ్రి 1885లోనే గతించెను. ఆయనను అడిగియుండిన యెడల ఏమని చెప్పియుండునో! బిడ్డ తప్పుదారి పట్టెనను దుఃఖమా? నిజము చెప్పెనను సంతోషమా? రోగముచేత కలిగిన నిస్సహాయతయా? మనకు తెలియదు. గాంధీజీ ఆ నాటి తెలివిని, ఈ నాటి తెలివిని వేఱువేఱుగా చూపిరి కావుననే మనము ఈ ప్రశ్న నడుగగలుగుచున్నాము.

గాంధీజీ విషయమున మఱియొక విశేషము గలదు. తండ్రిని గూర్చి వ్రాసిన ఆ కుమారుడే తాను తండ్రియైనప్పుడు, ఆయన బిడ్డ మాటయు లిఖితరూపమున మిగిలినది. జ్యేష్ఠపుత్రుడు హరిలాల్ 1888లో జన్మించెను. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహమున తండ్రి వెంట నడచి పలుమాఱులు చెఱసాలకు పోయెను. కాని అతడు కోరినది బడిచదువు. తండ్రి పిల్లలను ఇంటనే చదివించెను. అక్కడి యూరోపియను బడులలో తన బిడ్డలను దయాదాక్షిణ్యముల మీద చేర్పించుటకు వీలుండెననియు, తక్కిన భారతీయ బాలురకు లేని సౌకర్యము తన బిడ్డలకు అక్కఱలేదని తలచితిననియు ఆత్మకథలో గాంధీజీ వ్రాసిరి. ఇంగ్లండులో చదువుకొనుటకు ఒక మిత్రుడు ఇవ్వజూపిన సహాయమును సైతము ఆయన కుమారునకు గాక వేఱొకరికి ఇప్పించిరి. 1911లో హరిలాల్ తండ్రిని విడిచి స్వదేశమునకు వచ్చెను. 1915లో తండ్రికి దీర్ఘమైన లేఖ వ్రాసి, అచ్చువేయించి పరిచితులకు పంచెను. తమ చదువును గూర్చి తమ మాటను తండ్రి వినలేదనుట అందలి ప్రధానమైన ఫిర్యాదు.

ఆత్మకథ వ్రాయునప్పుడు గాంధీజీ ఈ సంగతిని కప్పిపుచ్చలేదు. పిల్లల చదువునకు తాను చాలినంత కాలము వినియోగింపలేకపోతిననియు, పెద్దకుమారుడు తన బాధను తనతోను, పత్రికాముఖమునను వెల్లడించెననియు ఒప్పుకొనిరి. అయినను తన నిర్ణయమును సమర్థించుకొనిరి. పెక్కుమంది చదువు ఆ గ్రంథమున కొడుకు పక్షమునకు దొరకినది కొన్ని వాక్యములు మాత్రమే. కొడుకు లేఖ చిరకాలము కొందఱికే తెలిసియుండెను. చందూలాల్ దలాల్ 1977లో గుజరాతీలో వ్రాసిన హరిలాల్ చరిత్ర, 2007లో త్రిదీప్ సుహృద్ చేసిన దాని ఆంగ్లానువాదము వచ్చిన పిదపనే సామాన్యపాఠకులకు రెండవ పక్షము వినబడినది. తండ్రి హత్య జరిగిన అయిదు మాసములు నిండకముందే, 1948 జూన్ 18న, హరిలాల్ బొంబాయిలో మరణించెను.

రెండును చదివినవారు ఎవరివైపు తీర్పు చెప్పవలెను? తీర్పు చెప్పుట మన పని కాదని మా అభిప్రాయము. తండ్రి చెప్పిన సమత్వము నిజము. ఇతరుల బిడ్డలకు లేనిది తన బిడ్డలకు వలదనుట సామాన్యమైన త్యాగము కాదు. ఆ త్యాగపు మూల్యమును చెల్లించినది తాను కాక బిడ్డ యనుటయు నిజమే. యువకుడైన కుమారుని లేఖలో కోపము గలదు. ఏబదియేండ్లు దాటిన తండ్రి అధ్యాయములో సమాధానము గలదు. ఒకదానిని చదివి రెండవదానిని విడిచినవారికి సగము ఇల్లే కనిపించును. ఆ సగములు రెండును చేరినను ఇల్లు నిండదు. నడుమ నిలిచిన కస్తూరిబా స్వీయచరిత్ర వ్రాయలేదు. భర్తకును కుమారునకును నడుమ నలిగిన ఆ తల్లి మనసును మనము ఇతరుల మాటలనుండియే ఊహింపవలసి యున్నది.

కనుక స్వీయచరిత్రను తెఱచునప్పుడు కొన్ని ప్రశ్నలను దగ్గఱ నుంచుకొనుట మంచిది. ఈ మాట చెప్పునాటికి వ్రాసినవారి వయసెంత? తల్లిదండ్రులు అప్పటికి జీవించియుండిరా? ఇది కంటితో చూచినదా, పెద్దలు చెప్పగా విన్నదా? ఈ యింట మాటలాడనివారెవరు? ఇట్లడుగుట అవిశ్వాసము కాదు. ఒక తండ్రిని కఠినుడనియో, ఒక కుమారుని కృతఘ్నుడనియో తొందరపడి తలంపకుండుటకు ఇది సాధనము.

ఈ విషయమున మన గృహములును చేయదగిన పని కొంత గలదు. మన యిండ్లలోని వృద్ధులు పుస్తకములు వ్రాయకపోవచ్చును. కాని వారి ఉత్తరములు, పద్దుల పుస్తకములు, పెట్టె అడుగున దాచిన కాగితములు ఉండును. వానిని చెదలపాలు చేయక భద్రపఱచి, ఓపిక యున్నప్పుడు వారిని అడిగి నాలుగు పుటలు వ్రాసి యుంచినచో, రేపు వారి బిడ్డలు తమ కథ చెప్పుకొను నాడు ఆ పెద్దల మాటయు ప్రక్కన నిలుచును.