గాలిని వడబోయు విద్య

కుక్కయు పిల్లియు మన యిండ్లకు క్రొత్తవి కావు. పూర్వము పిల్లి గాదెల చెంతను, కుక్క వాకిటను ఉండెడివి. వానికిని మనకును నడుమ ఆరుబయలు గాలి యుండెడిది. నేడు పట్టణములలో తలుపులు బిగించిన గదులలో అవియు మనతోపాటు పరుపులమీద నిద్రించుచున్నవి. ఇంటి పిల్లవానికి తుమ్ములు, కన్నుల దురద, రాత్రివేళ ఱొమ్ములో పిల్లికూతలు పుట్టగా, వైద్యుడు పరీక్షించి, ఇది అలర్జీ యని చెప్పును. అంతట ఇంటిలో వాదము బయలుదేరును. పెంపుడు జంతువును పంపివేయుదమా, గాలిని శుద్ధిచేయు యంత్రమును కొందమా? యంత్రము వేల రూపాయల వస్తువు. పల్లెలోనున్న తాతలను సలహా యడుగుదురు. కొన్నియెడల సొమ్మును గూడ అడుగుదురు. ఆ యంత్రములోని ఒక్కొక్క పొరకును ఒక్కొక్క చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నవారు అంగడివాని మాటలకు తేలికగా లోబడరు.

మొదట వ్యాధి సంగతి. 1819లో జాన్ బాస్టాక్ అను లండను వైద్యుడు, ఏటేట వేసవిలో తనకు వచ్చు తుమ్ములను, కన్నీటిని, ఊపిరాడని బాధను వర్ణించి వైద్యుల సభకు నివేదించెను. కారణము మాత్రము ఆయనకు చిక్కలేదు. ఎండ వేడిమియే కారణమని తలచెను. అరువది యేండ్లలోపున, 1873లో, మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ అసలు సంగతిని ఋజువుపరచెను. ఈయనయు ఆ రోగపీడితుడే. గడ్డిపూల పుప్పొడిని తన ముక్కులోనికి పీల్చి, చర్మమును గీరి దానిపై రుద్దుకొని, వచ్చిన బాధను వ్రాసికొనెను. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు గట్టి ఆకాశమునకు పంపి, వానికంటిన రేణువులను లెక్కించెను. తన దేహమునే ప్రయోగశాలగా జేసికొన్న యిట్టివారిని బడిపిల్లల పుస్తకములు అంతగా స్మరింపవు. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ‘అలర్జీ’ యను పదమును కల్పించెను. మన దేశమున 1950ల తరువాత వ్యాపించిన వయ్యారిభామ పుప్పొడి చేయు చేటు పల్లెవారికి నేను చెప్పనక్కరలేదు.

పిల్లి సంగతి మఱియొక తీరు. వెండ్రుకయే దోషియని లోకుల తలంపు. నిజమునకు దోషము దాని లాలాజలమునందును, చర్మగ్రంథుల స్రావమునందును ఉండు ఒక మాంసకృత్తునందు కలదు. పిల్లి తన యొడలు నాకికొనగా అది వెండ్రుకలకు అంటి, ఎండి, మిక్కిలి సన్నని పొడియై గాలిలో గంటలకొలది తేలియాడును. ఇంటిదుమ్ములోని కంటికానని పురుగుల సంగతి దీనికి భిన్నము. వానివలన అలర్జీ కలుగునని 1964లో హాలండునందలి లైడెన్ పండితులు కనుగొనిరి. ఆ పురుగుల మలము బరువైనది; పరుపు దులిపినప్పుడు లేచి, త్వరలోనే క్రిందికి దిగిపోవును. గాలియంత్రము తేలుదానిని పట్టగలదుగాని, దిగినదానిని పట్టజాలదు. కావున దుమ్ముపురుగు రోగికి యంత్రముకంటె దుప్పట్లను వేడినీట ఉదుకుటయే మేలు. ఏ వస్తువు పడదో వైద్యునిచే నిర్ణయింపజేసికొనక యంత్రమును కొనుట, రోగమెరుగక మందు మ్రింగుటయే.

ఇక వడపోత. 1854లో స్టెన్‌హౌస్ అను రసాయన శాస్త్రజ్ఞుడు బొగ్గుపొడి నింపిన ముఖకవచమును చేసెను. బొగ్గు దుర్వాసనలను, కొన్ని వాయువులను పీల్చును. నేటి యంత్రములలోని నల్లని పొర దాని సంతతియే. అది కుక్కవాసనను కొంత తగ్గించునుగాని అలర్జీ రేణువులతో దానికి పనిలేదు.

రేణువులను పట్టునది దూది. 1870లో జాన్ టిండాల్ లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సభవారి యెదుట, చీకటిగదిలో ఒక కాంతికిరణమును ప్రసరింపజేసెను. కంటికి నిర్మలముగా దోచిన గాలిలో ధూళి కోట్లకొలది మెరసెను. ఉదయవేళ మన పెంకుటింటి కంతలోనుండి దిగు ఎండకంబములో మనమందరము చూచు దృశ్యమే యిది. అయినను ఆయన అంతటితో ఆగలేదు. దూదిగుండ గాలిని పీల్చి, ఆ యూపిరిని కిరణములోనికి విడువగా, అచ్చట వెలుగు కానరాక నల్లని చీకటి యేర్పడెను. ధూళి లేనిచోట కాంతికి మెరయుటకేమియు లేదుగదా! ఆ మరుసటి యేడు, పొగలో పనిచేయు అగ్నిమాపకులకై దూదియు బొగ్గును చేర్చి ఊపిరికవచమును సిద్ధపరచెను. గాలి శుద్ధి కంటికి కనబడు ఋజువునకు వచ్చినది ఆనాడే యని నా మతము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున విషవాయువుల ముసుగులకై సన్ననినారల కాగితము సిద్ధమైనది. అణ్వాయుధములను నిర్మించుచున్న అమెరికావారు ప్రమాదకర రేణువులు బయటికి పోకుండ అట్టి వడపోతనే వాడిరి. దానినుండి వచ్చినదే నేటి ‘హెపా’ ఫిల్టరు. మైక్రానులో పదింట మూడువంతులున్న రేణువులు 10,000 వచ్చినచో 9,997 పట్టవలెనని దాని నియమము. ఆ రేణువు తలవెండ్రుక మందములో సుమారు రెండువందలవ వంతు.

ఇంకను చిన్నరేణువులు జారిపోవా యని శ్రోతలు అడుగవచ్చును. ఈ కాగితము జల్లెడ కాదు. పెద్దరేణువు బరువుబండివంటిది, మలుపు తిరుగలేక నారను ఢీకొని నిలుచును. అతిచిన్నది తీర్థములో తప్పిన దూడవలె గాలియణువుల త్రోపిడికి ఇటునటు తిరుగుచు ఏదో యొక నారకు తగులుకొనును. నడిమిది మాత్రము గాలివాటున తప్పించుకొనజూచును. అందుచేతనే పరీక్ష ఆ నడిమిదానికి పెట్టిరి.

విద్యుత్తుతో ధూళిని పట్టు మార్గము మఱియొకటి. 1907 ప్రాంతమున కాలిఫోర్నియాలో కాట్రెల్ పండితుడు కర్మాగారముల ఆమ్లపు మంచును ఈ విధముననే పట్టెను. కర్మాగారమునకది గొప్ప మేలు. ఇంటిలోనైనచో అట్టి యంత్రములు కొన్ని ఓజోను వాయువును విడుచును. అది ఉబ్బసరోగి ఊపిరితిత్తులను మరింత రేపును. కాలిఫోర్నియా ప్రభుత్వము 2010 నుండి, పదిలక్షలపాళ్ల గాలికి 0.05 పాలు మించి ఓజోనును వెలువరించు గృహయంత్రముల విక్రయమును నిషేధించినది. ఓజోనుతో గాలిని శుభ్రపరతుమని చెప్పు యంత్రమును కొనవలదని నా దృఢాభిప్రాయము. సాంబ్రాణిపొగ పవిత్రమే, కాని పొగయు రేణువులే గనుక ఉబ్బసరోగి గదిలో వేయరాదు.

ఫిల్టరెంత మంచిదైనను గదికి చాలినంత గాలి దానిగుండ పోవలెను. ఇచ్చటనే కొనువారు మోసపోవుచుందురు. పన్నెండడుగుల చదరపు గదికి పదియడుగుల ఎత్తున్నచో 1,440 ఘనపుటడుగుల గాలి పట్టును. గంటకైదుమారులు శుద్ధికావలెనన్న 7,200 ఘనపుటడుగులు, అనగా సుమారు 200 ఘనమీటర్లు. శుద్ధగాలి పరిమాణమని పెట్టెమీద వ్రాసిన సంఖ్య దీనికి తగ్గరాదు. ఆ సంఖ్య పంకా మిక్కిలి వేగముగా తిరుగునప్పటిది. రాత్రివేళ రొద సహింపక వేగము తగ్గింతురు గనుక అంతకు పెద్దదియే కొనుట యుక్తము. కిటికీలు తెరచియున్న యింట దాని శ్రమ వ్యర్థము.

పిల్లిని ఉంచుకొని యంత్రమును పెట్టిన చాలునా? 1998లో అమెరికాలో పిల్లి పడనివారి యిండ్లలో నిజమైన ఫిల్టరును కొందరికి, ఉత్తదానిని కొందరికి పెట్టి పరీక్షించిరి. గాలిలోని పిల్లిదోషము తగ్గినది. రోగుల బాధలో చెప్పదగిన భేదము కానరాలేదు. పరుపులు, తివాసీలు దానిని దాచియుంచును. పిల్లిని పంపివేసిన తరువాతను నెలలతరబడి అది యింట నిలుచును. కావున జంతువును పడకగదిలోనికి రానీయకుండుట మొదటి పని. యంత్రమును కొన్నచో దానిని ఆ గదిలోనే నడుపవలెను. తుమ్ములు మాత్రమే యున్న యింట ఈ యేర్పాటుతో సరిపుచ్చుకొనవచ్చును. పిల్లవానికి ఉబ్బసము తీవ్రమైనచో జంతువును వేరొక యింటికి పంపుటయే న్యాయము. ఏడ్చు బిడ్డను ఓదార్చుట పెద్దల వంతు.

కొనుటకు ముందు మరియొక లెక్క అడుగవలెను. హెపా కాగితమును ఆరునెలలకో ఏడాదికో మార్చవలెను. దాని వెల యెంత? వెండ్రుకలను పట్టు పైజల్లెడను వారమునకొకమారు కడుగవచ్చునుగాని లోని కాగితమును కడిగినచో చెడును. పాత కాగితమును తీయునప్పుడు ముక్కునకు గుడ్డకట్టుకొని, ఆరుబయట సంచిలో మూటగట్టి పారవేయవలెను. ఆ పని అలర్జీ యున్నవారికి అప్పగింపరాదు.