గుండాల ఊట, కూనే తొట్టి

మా జంగారెడ్డిగూడెం నుంచి భద్రాచలం వెళ్లినప్పుడల్లా నాయనమ్మ గుండాల పోదామని పట్టుబట్టేది. భద్రాచలానికి అయిదు కిలోమీటర్లు. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చలికాలంలో త్రిమూర్తులు అక్కడ స్నానమాడారని ఐతిహ్యం. ఆవిడ చెంబుతో ఆ నీళ్లు మోకాళ్ల మీద పోసుకుని, “నొప్పి లాగేసిందిరా” అనేది.

పగుళ్ల గుండా లోతుకు ఇంకిన నీరు భూగర్భపు వేడికి కాగి పైకి తన్నుకొస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోనూ వేడినీళ్లే పడ్డాయి. ఆ వేడితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటు పెట్టింది.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో రోమన్లు ఇలాంటి ఊట దగ్గరే స్నానశాలలు కట్టారు. మన దగ్గర నీటి వైద్యం పుస్తకరూపంలో వచ్చింది. జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని 1894లో వెంకటచలపతి శర్మ తెలుగు చేశారు. కాళ్లు బయటపెట్టి, బొడ్డు దాకా చన్నీళ్లున్న తొట్టిలో కూర్చుని, ముతక గుడ్డతో పొట్ట రుద్దుకోవడమే కూనే కటిస్నానం. గాంధీజీ కూడా దాన్ని ఆచరించారు. తర్వాత భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి వైద్యశాల నెలకొల్పారు.

వేడినీళ్లు కీళ్లనొప్పికి ఉపశమనమే తప్ప జబ్బును కుదర్చవు. గుండాల వెళ్తే ముందు చేత్తో వేడి చూసుకుని, ఆ తర్వాతే ఒంటిమీద పోసుకోండి.