హట్టి బంగారం, చిలకలపూడి గిల్టు

1915లో నిజాం రాజ్యంలోని రాయచూరు ప్రాంతంలో బంగారం జాడ వెతుకుతూ తిరిగిన బీడన్ అనే గనుల ఇంజనీరుకు మస్కి దగ్గర రాతి మీద ఒక శాసనం కనిపించింది. 'దేవానాంపియ' అనే బిరుదు అశోకుడిదేనని చరిత్రకారులు తేల్చుకున్నది దానితోనే. ఆ నేలలో బంగారం కోసం దిగినవాళ్లలో బీడన్ మొదటివాడు కాదు. అదే జిల్లా హట్టిలోని పాత గనుల్లో దొరికిన కర్రను పరీక్షిస్తే సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది. మందుగుండు లేని ఆ రోజుల్లో నిప్పు పెట్టి రాయిని కాల్చి, పగలగొట్టుకుంటూ ఆరు వందల అడుగుల లోతుకు దిగారు. 1947లో మొదలైన హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ, 1956లో జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరాక హట్టి గోల్డ్ మైన్స్ అయింది. ఇప్పటికీ టన్ను రాయిని పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములే. ఇంత కష్టంతో దొరికేది కనుకే అది గొప్పింటి గుర్తయింది. గొప్పింటి గుర్తయింది కనుకే దాన్ని పోలినది కావాలన్న ఆశ పుట్టింది.

ఆ ఆశ చుట్టూ అల్లుకున్న మోసాలు కౌటిల్యుడికి బాగా తెలుసు. త్రాసులో చేసే దగా, సీసం మీద బంగారు రేకు తొడగడం, గీటురాయి మీద గీత రంగును బట్టి వన్నె కట్టే తీరు, అన్నీ అర్థశాస్త్రంలో ఉన్నాయి. పూత పనికి అప్పట్లో పాదరసమే ఆధారం. బంగారాన్ని రసంలో కలిపి పూసి, రసం ఆవిరయ్యేదాకా కాల్చేవారు. ఆ ఆవిరి పనివాళ్ల ప్రాణాల మీదికి తెచ్చేది. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు విద్యుత్తుతో పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక తక్కువ బంగారంతో ఎక్కువ మెరుపు తేవడం సాధ్యమైంది.

మన దగ్గర ఆ విద్యకు ఊరిపేరు చిలకలపూడి. మచిలీపట్నం పక్కనున్న ఈ ఊరి కంసాలులు రాగి మీద పల్చటి బంగారు రేకు అతికించి, సాగదీసి రోల్డుగోల్డు నగలు చేశారు. తర్వాత పూత పద్ధతి వచ్చింది. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు వేసుకున్న కోస్తా రైతులకు వదిలి వచ్చిన సీమలో చిలకలపూడి, చేరిన రాయచూరు జిల్లాలో హట్టి.

చిలకలపూడి నగను నకిలీ అనడం నాకు ఇష్టం లేదు. గిల్టు అని చెప్పి అమ్మినవాడు ఎవరినీ మోసగించలేదు. తులం బంగారం కొనలేని ఇంటి ఆడపిల్ల పెళ్లిలో తలెత్తుకుని నిలబడడానికి సాయపడ్డాడు.

1963 జనవరిలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారం నియంత్రణ తెచ్చి, 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించినప్పుడు దేశమంతటా కంసాలుల పొయ్యిలు ఆరిపోయాయి. ఆత్మహత్యలు చేసుకున్నవారూ ఉన్నారు. 1968లో చట్టమైన ఆ నియంత్రణ 1990లో రద్దయింది. బంగారం మీద మోజు మాత్రం ఏ చట్టానికీ లొంగలేదు.

ఇవాళ ఒంటి మీది బరువుతో హోదా తేలడం లేదు. ఉన్నవాళ్లే అసలు నగను లాకరులో పెట్టి, పెళ్లికి వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకుని వస్తున్నారు. అది గిల్టని చెప్పుకోవడానికి సిగ్గూ పడడం లేదు. పరువు లోహాన్ని వదిలి హాల్‌మార్కు ముద్ర మీదికి, షోరూము పేరు మీదికి వెళ్లింది. 'నైన్ వన్ సిక్సేనా?' అని అడగడం అలవాటైంది. మోసగాడు కూడా వెంటనే దారి మార్చుకున్నాడు: లోహాన్ని పోలి చేయడం మానేసి, ముద్రను పోలి కొట్టడం నేర్చాడు.

2021 జూన్‌లో మొదట 256 జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేనిదే హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లకు ఇది క్షణంలో పని. పత్తి ఏరి, వరి నాటి కూడబెట్టిన కూలి డబ్బుతో రసీదు లేకుండా ఉంగరం కొనే ఆడమనిషికి ఆ తనిఖీ జరిగేది తాకట్టు కొట్టులోనే. ఇంట్లో జబ్బు వచ్చిన రోజున, దాని మీద అప్పు పుట్టదని ఆమెకు అక్కడే తెలుస్తుంది.