కాలిబంతి కథ: భాగ్యనగరం నేర్చిన ఆట, నేర్పిన ఆట

ఉగాది సంచికలో ఏటేటా కవితలు, కథలు, పెద్దల ఆశీస్సులు చదివే మన సభ్యులకు ఈసారి ఒక ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మాకు తోచినది. పండుగ సంచికలో ఆటల గొడవ ఏమిటని కొందరు పెద్దలు అనవచ్చు. కాని సాయంత్రమయ్యేసరికి మన పిల్లలు బంతి పట్టుకొని మైదానానికి పరుగెత్తుట మనమందరము చూస్తూనే ఉన్నాము. అర్జెంటీనా, పోర్చుగల్ ఆటగాండ్ర పేర్లు వారికి కంఠతా వచ్చును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును గూర్చి గాని, సయ్యద్ అబ్దుల్ రహీం అను బడిపంతులును గూర్చి గాని అడిగితే మాత్రం తెల్లమొగం వేస్తారు. పాఠ్యపుస్తకాలలో లేనిది, టెలివిజనులో కనపడనిది వారికెట్లు తెలియును? అందుకే ఈ వ్యాసం.

ఫుట్‌బాల్ ఆటకు పుట్టినిల్లు ఏది అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పుట కష్టం. బంతిని కాలితో తన్నుట మానవునికి సహజమైన సరదా. చీనా దేశంలో రెండువేల ఏండ్లకు పూర్వమే, హాన్ చక్రవర్తుల కాలంలో, సైనికులు తోలుబంతిని తన్ని ఆడే ఆట ఒకటి ఉండేది. ఇంగ్లండు పల్లెలలో పండుగ దినాలలో ఒక ఊరివారందరు ఒక పక్షం, పొరుగూరివారందరు మరొక పక్షం అయి బంతి కోసం వీధుల వెంట పెనుగులాడేవారు. కాళ్ళు చేతులు విరుగుట, అంగళ్ళు పాడగుట సామాన్యం. ఆ అల్లరి భరించలేక 1314 లోనే లండను నగరాధిపతి ఈ ఆటను నిషేధిస్తూ ఉత్తరువు చేసినాడు. ఉత్తరువులు పోయినవి, ఆట నిలిచినది.

ఆ అల్లరికి ఒక చట్టం ఏర్పడినది పందొమ్మిదవ శతాబ్దంలో. ఇంగ్లండులోని పెద్దింటి పిల్లలు చదివే పాఠశాలలు ఒక్కొక్కటి ఒక్కొక్క పద్ధతిలో ఈ ఆట ఆడేవి. ఒకచోట బంతిని చేతితో పట్టవచ్చును, మరొకచోట పట్టరాదు. ఒకచోట ఎదుటివాని ముంగాలిని తన్నుట న్యాయం, మరొకచోట దోషం. ఇట్లయితే రెండు బడుల పిల్లలు కలసి ఆడుట ఎట్లు? 1863 అక్టోబరు 26వ తేదీన లండనులోని ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే పూటకూటి భవనంలో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్ అను సంఘాన్ని స్థాపించినారు. ఎబెనీజర్ మోర్లీ అనే న్యాయవాది దానికి కార్యదర్శి. చేతితో బంతి పట్టి పరుగెత్తరాదు, ముంగాళ్ళు తన్నరాదు అని నియమం చేయగా బ్లాక్‌హీత్ క్లబ్బువారు అలిగి వెళ్ళిపోయినారు. చేతితో పట్టి పరుగెత్తే ఆటకు 1871 లో రగ్బీ సంఘం వేరుగా ఏర్పడినది. 1872 నవంబరు 30న గ్లాస్గో నగరంలో స్కాట్లండు, ఇంగ్లండు జట్లు ఆడిన మ్యాచి దేశాల నడుమ జరిగిన మొదటి పోటీగా లెక్క. అందులో ఎవరూ గోలు చేయలేదు.

దొరబిడ్డల ఆట చాలాకాలం దొరబిడ్డలదిగా నిలువలేదు. 1883 లో ఇంగ్లండు కప్పు తుది పందెంలో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఈటన్ పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టును ఓడించినది. ఆ గెలిచిన జట్టులో నేతపనివారు, మిల్లు కూలీలు ఉన్నారు. షోలాపురంలోను, భివండిలోను మగ్గాల మధ్య జీవితం గడిపిన మన పద్మశాలి కుటుంబాలవారు ఈ మాట విని సంతోషించగలరు. 1885 లో ఆటగాండ్రకు జీతమిచ్చుట న్యాయసమ్మతమైనది. 1888 లో పన్నెండు క్లబ్బులతో లీగు పోటీలు ఆరంభమైనవి. ఆడినవానికి కూడు దొరకనిదే ఆట బ్రతకదు. ఈ సత్యాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి; ముందు దీనితో పని ఉన్నది.

ఓడలలోను, రైళ్ళలోను ఎక్కి ఈ ఆట దేశాలు తిరిగినది. నావికులు, రైలుమార్గాల ఇంజనీర్లు, వర్తకులు పోయినచోట బంతి కూడ పోయినది. 1904 లో పారిస్ నగరంలో ఫిఫా ఏర్పడినది. 1930 లో మొదటి ప్రపంచకప్పు జరుగగా ఉరుగ్వే గెలిచినది. 1953 లో హంగరీ జట్టు వెంబ్లీ మైదానంలో, ఆట కనిపెట్టిన ఇంగ్లండునే 6-3 తేడాతో ఓడించినది. 1958 లో పదిహేడేండ్ల పెలే బ్రెజిల్‌కు ప్రపంచకప్పు తెచ్చిపెట్టినాడు. 1962, 1970 లో గెలిచిన బ్రెజిల్ జట్లలోను ఆయన ఉన్నాడు. ఆట ఎక్కడ పుట్టినదన్న మాట వెనుకబడినది. ఎవరు శ్రద్ధగా నేర్చినారన్నదే ముఖ్యమైనది.

మన దేశానికి ఇది తెల్లసైనికుల మూటాముల్లెలతో వచ్చినది. 1888 లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు, 1891 లో బొంబాయిలో రోవర్స్ కప్పు, 1893 లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు మొదలైనవి. చాలాకాలం గెలుపులన్నీ పటాలములవే. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2-1 తేడాతో ఓడించి షీల్డు గెలిచినది. పదకొండుమందిలో ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్ళతో ఆడినవారే. 1937 లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ కప్పు గెలిచి, ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ జట్టైనది. బెంగుళూరులో స్థిరపడిన మనవారికి ఇది తమ ఊరి ముచ్చటే.

ఇక హైదరాబాదుకు వత్తాము. సికిందరాబాదు దండుబజారుల చెంత పటాలముల ఆట చూచి నేర్చిన కుర్రవాండ్రకు లోటు లేదు. లోటైనది గురువు. ఆ లోటు తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈయన 1909 లో హైదరాబాదులో జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, వ్యాయామవిద్యలో పట్టా పుచ్చుకొన్నాడు. అందరూ ఆయనను రహీం సాహెబు అని పిలిచేవారు. 1943 నుండి మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు.

ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతి. కుడికాలివాడు ఎడమకాలితో ఆడవలెనని నియమం పెట్టి పిల్లలకు పోటీలు జరిపేవాడట. బంతిని తనవద్దనే ఉంచుకొని ఒంటరిగా ఆడే అలవాటు పోవుటకు, వెంటనే తోటివానికి అందించి తీరవలెనని మరొక రకం పోటీలు పెట్టేవాడట. హంగరీవారి ఆటను గమనించి, ముందువరుస నడిమి ఆటగాణ్ణి వెనుకకు జరిపి ఆడించే ఎత్తును మన జట్టుకు నేర్పినాడు. దేహబలంలో ఎదుటివారికి సాటిరాని మన కుర్రవాండ్రకు బుద్ధిబలం, వేగం, ఒకరిమీద ఒకరికి నమ్మకం ఆయుధాలుగా ఇచ్చినాడు.

ఫలితం లోకం చూచినది. 1950 లో డ్యూరాండ్ కప్పు తుది పందెంలో సిటీ పోలీసు జట్టు, మోహన్ బగాన్ జట్టు మొదట సమానంగా నిలువగా, తిరిగి ఆడిన మ్యాచిలో పోలీసులు 1-0 తో గెలిచినారు. ఆ ఏడాది మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు వారిదే. అప్పటికే ఆ బొంబాయిలో కామాటిపురంలోను, మిల్లుల పేటలలోను వేలాది తెలుగు కుటుంబాలు కాపురముంటున్నవి. 1956-57 లోను, 1957-58 లోను సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రపు జట్టే గెలిచినది. రెండుసార్లు ఓడినది బొంబాయి జట్టే.

దేశపు జట్టును కూడ రహీం సాహెబే తీర్చిదిద్దినాడు. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశం ఇరానును 1-0 తో ఓడించి స్వర్ణపతకం గెలిచినది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తో ఘోరపరాజయం. చలిలో, తడినేలమీద వట్టికాళ్ళ ఆట ఇక సాగదని తేలిపోయి, బూట్లు తప్పనిసరి చేసినారు. నాలుగేండ్లకు 1956 లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2 తో ఓడించినది. అందులో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు చేసినాడు. ఒలింపిక్సు సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానం దక్కినది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం, కణ్ణన్, తంగరాజ్ మొదలగు హైదరాబాదు గడ్డమీద ఆట నేర్చినవారు ఎందరో ఉన్నారు.

1962 నాటికి రహీం సాహెబును కాన్సరు వ్యాధి పట్టుకొన్నది. ఆ స్థితిలోనే ఆయన జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకొని పోయినాడు. మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో మనవారు ఓడినారు. తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగును రక్షణవరుస నుండి ముందుకు మార్చి ఆడించగా, ఆయన కట్టుతోనే గోళ్ళు చేసినాడు. సెప్టెంబరు 4న తుది పందెంలో అదే కొరియాను 2-1 తో ఓడించి స్వర్ణపతకం గెలిచినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు చేసినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి అదే చివరి స్వర్ణం. 1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసినాడు.

ప్రవాసులమైన మనకు ఈ కథలో మరొక ముఖ్యమైన పాఠం ఉన్నది. తులసీదాస్ బలరాం సికిందరాబాదు చెంత అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో 1936 లో పుట్టినాడు. సాధనకు నగరంలోకి వచ్చుటకు సైకిలు అద్దె కూడ లేకపోతే రహీం సాహెబే ఇచ్చి పిలిపించుకొన్నాడని చెప్పుకొంటారు. 1957 లో కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరినాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు చేసినాడు. అనారోగ్యం చేత చిన్నవయసులోనే ఆట మానవలసివచ్చినది. కాని బెంగాలు విడిచి రాలేదు. ఉత్తరపాడాలో నివసించి 2023 ఫిబ్రవరి 16న అక్కడివాడుగానే కన్నుమూసినాడు. మహమ్మద్ హబీబ్ 1966 లో కలకత్తా చేరినాడు. 1977 లో పెలే తన కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సుకు వచ్చినపుడు మోహన్ బగాన్ 2-2 తో సమానంగా నిలిచినది. అందులో ఒక గోలు హబీబుదే. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచిన జట్టుకు నాయకుడు నయీముద్దీన్; ఆయన కూడ హైదరాబాదువాడే, కలకత్తా చేరినవాడే.

ఎందుకు పోయినారు? మనము ఎందుకు వచ్చినామో వారూ అందుకే పోయినారు. పోలీసు జట్టులో కొలువు ఇంటి దగ్గర కొంతమందికే దొరికేది. కలకత్తా క్లబ్బులు ఆటను గౌరవించి, ఆదరించి, డబ్బు ఇచ్చినవి. గురువు పోయినాడు, ఆటకు ఆధారమైన కొలువులు తగ్గినవి, ప్రజల మోజు క్రికెట్టు వైపు మళ్ళినది. 1965-66 లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచిన తరువాత ఆ పాత వైభవం తిరిగి రాలేదు. 2019 లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. అనే వృత్తిజట్టు 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు గెలిచినపుడు ఆశ చిగురించినది. 2025 లో ఆ జట్టు కూడ ఢిల్లీకి తరలిపోయినది.

కొనుక్కొన్న జట్టు అమ్ముడుపోవచ్చును. నేర్చిన విద్య అమ్ముడుపోదు. రహీం సాహెబు కట్టినది భవనం కాదు, సంస్థ కాదు, కుర్రవాండ్రను. ఆ కుర్రవాండ్రలో ఉర్దూ ఇండ్లవారు ఉన్నారు, తమిళ ఇండ్లవారు ఉన్నారు. నీ ఇంటి భాష ఏది అని ఆయన అడుగలేదు. ఎడమకాలు ఎట్లున్నదని అడిగినాడు. పొరుగుభాషల నడుమ తరతరాలుగా బ్రతుకుతున్న మనకు ఇంతకంటె మంచి మాట ఎక్కడ దొరుకును?

కనుక ఈ కొత్త సంవత్సరంలో మా మనవి ఒక్కటే. మీ పిల్లవాడు గాని, పిల్ల గాని బంతి పట్టుకొని వీధిలోకి పోతూ ఉంటే ఆపవద్దు. పక్కింటి కన్నడ పిల్లలతో, తమిళ పిల్లలతో, మరాఠీ, ఒరియా పిల్లలతో కలసి ఆడనివ్వండి. ఇంటికి వచ్చిన తరువాత కాళ్ళు కడిగించి, అన్నం పెట్టి, రహీం పంతులు కథ, బలరాం కథ చెప్పండి. తమ ఊరు ఏది అని అడిగినపుడు మన పిల్లలు పేరు చెప్పుకొనదగినవారిలో వీరూ ఉన్నారు. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.