అక్కర్లేని మెయిల్‌ని గుమ్మంలోనే తిప్పి పంపడం: సీపానెల్‌లో ఒక చిన్న సెట్టింగ్ వెనక చరిత్ర

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో చరిత్ర చెప్పుకుందాం. రాజులు, యుద్ధాలు ఏమీ ఉండవు. వెబ్ హోస్టింగ్ తీసుకున్నవాళ్లకి సీపానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ తెలిసే ఉంటుంది. అందులో ఈమెయిల్ సెక్షన్‌లో 'డిఫాల్ట్ అడ్రస్' అని ఒక పేజీ ఉంటుంది. మన డొమైన్‌లో లేని పేరుకి ఎవరైనా మెయిల్ పంపితే దాన్ని ఏం చెయ్యాలో అక్కడ చెప్పాలన్నమాట. అందులో 'డిస్కార్డ్' అనే మాట రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఎర్రర్ మెసేజ్ ఇచ్చి డిస్కార్డ్ చెయ్యడం. ఇంకోటి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో దాక్కున్న వట్టి డిస్కార్డ్. లోపల సర్వర్ భాషలో మొదటిదాని పేరు 'ఫెయిల్', రెండోదాని పేరు 'బ్లాక్‌హోల్'. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, వీటి మధ్య తేడా అర్థం కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు పోస్టాఫీసు సంగతి. మనం ఆర్డర్ చెయ్యని వీపీపీ పార్సిల్ ఒకటి వచ్చిందనుకోండి. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో ఉండగానే "మాకొద్దండీ" అంటాం. ఆయన దాని మీద 'రెఫ్యూజ్డ్' అని రాసి తీసుకెళ్లిపోతాడు. ఇది ఒక పద్ధతి. రెండోది, సంతకం పెట్టి తీసుకుని, తర్వాత కవరు మీదున్న ఫ్రం అడ్రస్‌కి మనమే మళ్లీ పోస్టు చెయ్యడం. మూడోది, తీసుకుని ఎవరికీ చెప్పకుండా పొయ్యిలో పెట్టెయ్యడం. మెయిల్ సర్వర్ ముందున్నవి కూడా సరిగ్గా ఈ మూడే. గుమ్మంలో వద్దనడం రిజెక్ట్, తర్వాత తిప్పి పంపడం బౌన్స్, పొయ్యిలో పెట్టడం బ్లాక్‌హోల్.

ఈమెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా వెళ్లాలో చెప్పే ఎస్ఎంటీపీ నియమాలు 1982 ఆగస్టులో వచ్చాయి. రాసినాయన జాన్ పోస్టెల్. ఆ పత్రాన్ని ఆర్ఎఫ్‌సీ 821 అంటారు. అందులో సర్వర్లు నంబర్లతో మాట్లాడుకుంటాయి. 250 అంటే సరే, తీసుకున్నాను. 550 అంటే ఆ పేరుతో పెట్టె లేదు, తీసుకోను. ఇక్కడ ఒక పెద్దమనిషి ఒప్పందం ఉంది. ఒకసారి 250 అన్నాక ఆ ఉత్తరం భారం తీసుకున్న సర్వర్‌దే. చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవాడికి కబురు చెయ్యాలి. మధ్యలో మాయం చెయ్యడం మర్యాద కాదు. మరి పంపినవాడు నిజంగా ఆ పేరుగలవాడేనా? అది చూసే ఏర్పాటు మాత్రం అందులో లేదు. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు తక్కువ, దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. కాబట్టి ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను.

నిజానికి మొదటి స్పామర్లు నిజాయితీపరులు, నవ్వకండి! 1978 మే 3న డెక్ కంపెనీ మార్కెటింగ్ మనిషి గ్యారీ థర్క్ అర్పానెట్‌లో దాదాపు 400 మందికి కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని మెయిల్ పెట్టాడు. సొంత పేరుతోనే. 1994 ఏప్రిల్ 12న అరిజోనాలో కాంటర్, సీగెల్ అనే లాయర్ దంపతులు యూజ్‌నెట్‌లో వేల గుంపులకి గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటన గుప్పించారు. వాళ్లూ పేర్లు దాచుకోలేదు. అన్నట్టు, ఆ లాటరీకి ఇండియాలో పుట్టినవాళ్లకి అర్హతే లేదు. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లకి అది పనికిరాని కాగితమే.

తిట్లు పడేసరికి తర్వాత వచ్చినవాళ్లు తెలివి మీరారు. ఫ్రం అడ్రస్‌లో ఊరూ పేరూ తెలియని ఎవరిదో మెయిల్ ఐడీ పెట్టడం మొదలుపెట్టారు. దాంతో బౌన్స్ అనే మర్యాద తలకిందులైపోయింది. మీ సర్వర్ చెత్తని 250 అని తీసుకుని, తర్వాత "ఆ పేరుతో ఎవరూ లేరండీ" అని తిప్పి పంపితే, అది స్పామర్‌కి చేరదు. అసలు ఏ పాపం తెలియని మూడో మనిషి నెత్తిన పడుతుంది. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. అప్పట్లో ప్లెస్క్ అనే ఇంకో ప్యానెల్ లినక్స్‌లో వాడిన క్యూమెయిల్ ఈ విషయంలో పేరు పోగొట్టుకుంది. డేనియల్ బెర్న్‌స్టైన్ దాన్ని సెక్యూరిటీ కోసం ముక్కలు ముక్కలుగా రాశాడు. గుమ్మంలో ఉన్న ముక్కకి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలియదు. అందుకని అందరికీ సరే అనేది. మంచి ప్రోగ్రామే, కాలం మారిపోయింది.

ఇంకోపక్క, వచ్చిన పోస్ట్‌మ్యాన్ ముఖం చూసే పద్ధతులు పుట్టాయి. 1997లో పాల్ విక్సీ వాళ్లు చెత్త పంపే ఐపీల బ్లాక్‌లిస్ట్ నడిపారు. 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్పామ్‌హాస్ పెట్టాడు. సీపానెల్ కింద పనిచేసే మెయిల్ ప్రోగ్రాం ఎగ్జిమ్. 1995లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టింది. (మనం కోడ్‌లో వాడే పీసీఆర్ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ కూడా ఆయనదే. చాలామందికి తెలియదు.) 2002లో వచ్చిన ఎగ్జిమ్ 4లో ఏసీఎల్ నియమాలు చేరాయి. పంపే సర్వర్ ఇంకా లైన్‌లో ఉండగానే ఈ పేరు ఉందా, ఈ ఐపీ లిస్టులో ఉందా అని చూసి 550 అనే వీలు వాటితో బాగా పెరిగింది. సీపానెల్‌లో మనం ఒక బటన్ నొక్కితే అడుగున జరిగేది ఇదే.

నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ప్యానెల్ రావడమే. 1996లో నిక్ కోస్టన్ సీపానెల్ మొదలుపెట్టకముందు ఈ నిర్ణయాలు సర్వర్ అడ్మిన్‌లవి. తర్వాత మందుల షాపు ఆయన, స్కూలు కరస్పాండెంట్ కూడా తీసుకోవాల్సొచ్చింది. మన దగ్గర 2005లో డాట్ ఇన్ పేర్లు అందరికీ తెరిచాక ఇది ఇంకా పెరిగింది. నిర్ణయం చేతికొచ్చింది, వెనకున్న ఒప్పందం గురించి ఎవరూ చెప్పలేదు.

అందుకే మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. ఇక్కడ మామిడి తోటలున్న ఒక బాబాయ్ గారికి సొంత వెబ్‌సైట్ ఉంది. సైట్ చేసినవాళ్లు స్పామ్ గోల వద్దని డిఫాల్ట్ అడ్రస్‌ని బ్లాక్‌హోల్‌లో పెట్టి వెళ్లిపోయారు. బంగినపల్లి సీజన్‌లో బయట రాష్ట్రం వ్యాపారి ఒకాయన ఆర్డర్ పంపాడు, మెయిల్ ఐడీలో ఒక అక్షరం తేడా. బాబాయ్ గారి సర్వర్ 250 అంది, పొయ్యిలో పెట్టింది. పంపినాయన చేరిందనుకున్నాడు. నాలుగు రోజులు చూసి వేరేచోట కొనుక్కున్నాడు.

"అబ్బాయ్, ఫోన్ మోగితే ఎత్తకపోతే నాది తప్పు. అసలు మోగనే లేదుగా?" అన్నారాయన నాతో.

ఫెయిల్ పెట్టి ఉంటే 550 వెళ్లేది. ఆ వ్యాపారి మెయిల్ సర్వర్ ఆయనకి కబురు చెప్పేది, ఆయన అక్షరం దిద్దుకుని మళ్లీ పంపేవాడు. స్పామర్‌కి 550 వెళ్తే మనకి పోయేది లేదు, మూడో మనిషికి మన సర్వర్ నుంచి ఉత్తరం వెళ్లదు. మామిడికాయ నాలుగు రోజులు ఆగదండీ.

ఇదే చిక్కు స్పామ్ అసాసిన్‌లోనూ ఉంది. 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేశాడు. మెయిల్‌కి మార్కులు వేస్తుంది, మామూలుగా 5 దాటితే స్పామ్. సీపానెల్‌లో దానికి 'ఆటో డిలీట్' ఉంది, 'స్పామ్ బాక్స్' ఉంది. ఆటో డిలీట్ కూడా పొయ్యే. నేను ఎవరికి పెట్టినా స్పామ్ బాక్స్ పెట్టి, వారానికోసారి చూడమంటాను.

చట్టం సంగతంటారా? ఐటీ చట్టంలోకి 2008 సవరణతో వచ్చిన 66ఏ సెక్షన్‌లో చిరాకు పెట్టే, ఎక్కణ్నుంచి వచ్చిందో మభ్యపెట్టే ఈమెయిల్ కూడా నేరమే. అదే సెక్షన్‌ని ఫేస్‌బుక్ పోస్టుల మీద వాడారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, కొట్టెయ్యాల్సిందే. కానీ దాంతోపాటు ఈమెయిల్ ముక్క కూడా పోయింది. ట్రాయ్ 2018 నియమాలు కాల్స్‌కీ ఎస్ఎంఎస్‌లకీ. ఈమెయిల్‌కి మన ప్యానెలే దిక్కు.

ఇక ఫ్రం అడ్రస్ దొంగతనం. దానికి ఎస్‌పీఎఫ్ 2003 ప్రాంతంలో, డీకిమ్ ఆ వెంటనే, డీమార్క్ 2012లో వచ్చాయి. డీమార్క్‌లో డొమైన్ యజమాని నా పేరుతో దొంగ మెయిల్ వస్తే ఏం చెయ్యాలో అవతలివాళ్లకి చెప్తాడు. నన్, క్వారంటైన్, రిజెక్ట్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఎక్కువ మెయిల్స్ పంపేవాళ్లని ఇవి ఉండాల్సిందే అంటున్నాయి. సీపానెల్‌లో 'ఈమెయిల్ డెలివరబిలిటీ' పేజీలో ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచూసుకోవచ్చు. అదెలాగో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ పెట్టి చూపిస్తాను. ఈలోపు డిఫాల్ట్ అడ్రస్ తెరిచి ఏ డిస్కార్డ్ ఉందో చూసుకోండి. బాబాయ్ గారిది మార్చేశాను.