అమెరికాలో ప్రీ-వెట్ చదువు: పట్టిక వెనుక చరిత్ర

అమెరికాలో పశువైద్య కళాశాలలో సీటు కోరే విద్యార్థి ముందుగా మామూలు కాలేజీలో చదివి ఉండాల్సిన సైన్సు పాఠాలను వాడుకలో ‘ప్రీ-వెట్’ అంటారు. దీనికి సాధారణంగా విడిగా పట్టా ఉండదు. చాలా విశ్వవిద్యాలయాల్లో విడిగా ఒక శాఖ కూడా లేదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ వంటి కోర్సులతో కూడిన పట్టిక ఇది. ఏ వెట్ కాలేజీ పట్టిక ఆ కాలేజీదే. మన దగ్గర ఇంటర్ బైపీసీ ముగించిన పిల్లలు నేరుగా ఐదున్నరేళ్ల బీవీఎస్సీలో చేరిపోతారు. అక్కడ మాత్రం స్కూలు చదువుకూ నాలుగేళ్ల పశువైద్య విద్యకూ నడుమ కొన్నేళ్ల సైన్సు చదువు తప్పదు. ఆ పట్టిక నూటయాభై ఏళ్లలో కొంచెం కొంచెంగా పెరిగింది. పశువైద్యుడికి ఎదురైన కొత్త అవసరాలే అందులోకి కొత్త పాఠాలను తెచ్చాయి.

ప్రపంచంలో తొలి పశువైద్య పాఠశాలను 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్లోద్ బూర్జెలా నెలకొల్పాడు. అమెరికాలో అలాంటి ప్రయత్నాలు మొదలవడానికి మరో తొంభై ఏళ్లు పట్టింది. 1850లలో ఫిలడెల్ఫియా, బోస్టన్, న్యూయార్క్‌లలో ప్రైవేటు పాఠశాలలు పుట్టాయి. వాటికి గుర్రమే లోకం. నగరాల్లో ట్రాములు లాగేవి, సరుకు మోసేవి, సైన్యాన్ని నడిపేవి గుర్రాలే. చదవడం, రాయడం వస్తే చాలాచోట్ల సీటు ఇచ్చేవారు. కొన్ని నెలల చొప్పున రెండు విడతలు ఉపన్యాసాలు వింటే పట్టా చేతికొచ్చేది. కెమిస్ట్రీ ముందుగా చదివి రమ్మని అడిగినవారు లేరు.

ఆ పద్ధతిని గట్టిగా కాదన్నవాడు జేమ్స్ లా. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివిన ఈయన 1868లో కోర్నెల్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచినప్పుడే ఆచార్యుడిగా చేరాడు. కాలేజీ స్థాయి సైన్సు పునాది లేనివాడికి పశువైద్య పట్టా ఇవ్వకూడదన్నది ఆయన పట్టుదల. ఆయన శిష్యుడు డేనియల్ సాల్మన్ 1872లో కోర్నెల్‌లో డిగ్రీ పూర్తిచేశాడు. ఆపైన పైచదువు చదివి 1876లో డీవీఎం (డాక్టర్ ఆఫ్ వెటర్నరీ మెడిసిన్) పట్టా అందుకున్నాడు. అమెరికాలో ఇచ్చిన తొలి డీవీఎం అదే. ఆహారాన్ని విషతుల్యం చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు ఆ పేరు వచ్చింది ఈ సాల్మన్ మీదుగానే. ముందు సైన్సు, తర్వాత వైద్యం అన్న నేటి వరసకు ఆయన చదువే తొలి నమూనా అనవచ్చు.

1884లో కేంద్ర వ్యవసాయ శాఖలో పశు పరిశ్రమల విభాగం ఏర్పడింది. దానికి తొలి అధిపతి సాల్మనే. అప్పట్లో దక్షిణాది పశువుల మందలు ఉత్తరాదికి వెళ్తే చాలు, అక్కడి పశువులు టెక్సాస్ జ్వరంతో చచ్చిపోయేవి. దక్షిణాది నుంచి వచ్చిన పశువులు మాత్రం ఆరోగ్యంగానే కనిపించేవి. థియోబాల్డ్ స్మిత్ అనే వైద్య పట్టభద్రుడు, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనే పశువైద్యుడు 1889లో వాషింగ్టన్ దగ్గర పరీక్షకు దిగారు. నార్త్ కరోలినా నుంచి తెప్పించిన కొన్ని ఆవుల ఒంటి మీది పిడుదులను చేత్తో ఒక్కొక్కటిగా ఏరేశారు. వాటిని స్థానిక పశువులతో కలిపి ఒక పొలంలో వదిలారు. ఇంకో పొలంలో పిడుదులున్న ఆవులనే వదిలారు. మరోచోట ఆవులు లేకుండా గడ్డి మీద పిడుదులను మాత్రమే చల్లారు. పిడుదులున్న పొలాల్లోని స్థానిక పశువులకే జ్వరం వచ్చింది. రక్తం తాగే జీవి ద్వారా రోగం పాకుతుందని 1893లో వాళ్లు ప్రకటించిన ఫలితం మలేరియా, ఎల్లో ఫీవర్ పరిశోధనలకు దారి చూపింది. ప్రీ-వెట్ పట్టికలో మైక్రోబయాలజీ ఎందుకుందో అడిగే విద్యార్థికి ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. పోలిక కోసం విడిగా ఒక మందను పెట్టుకోవడం, ఒక్క అంశాన్నే మార్చి చూడడం ఆ పరీక్షలోనే ఉన్నాయి. నేటి స్టాటిస్టిక్స్ పాఠం నేర్పేదీ ఆ పద్ధతినే.

1906లో మాంసం తనిఖీ చట్టం రావడంతో ప్రభుత్వానికి పశువైద్యులు వందల సంఖ్యలో కావలసి వచ్చారు. ఏ కాలేజీ చదివినవారికి ఉద్యోగం ఇవ్వాలో తేల్చే క్రమంలో బోధన ప్రమాణాలపై ప్రభుత్వం పట్టు బిగించింది. మరోవైపు మోటారు బండి వచ్చి గుర్రాన్ని వీధిలోంచి తప్పించింది. గుర్రాన్నే నమ్ముకున్న షికాగో, కాన్సస్ సిటీ ప్రైవేటు కాలేజీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1920లు ముగిసేసరికి రంగంలో మిగిలినవి విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న కాలేజీలే.

ప్రీ-వెట్ ఒక నియమంగా రూపుదిద్దుకున్నది ఆ తర్వాతనే. 1930లలో ఏడాది కాలేజీ చదువు తప్పనిసరి అయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1940లు ముగిసేసరికి, అది రెండేళ్లకు పెరిగింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వమే చదువు ఖర్చు భరించడంతో కాలేజీలు కిటకిటలాడాయి. డేవిస్, మిన్నెసోటా, ఓక్లహోమాలలో కొత్త వెట్ కాలేజీలు వచ్చాయి. అలబామాలోని టస్కిగీ విద్యాసంస్థలో వెట్ కాలేజీ 1945లో తెరుచుకుంది. దాని వెనుక ఉన్నది ఫ్రెడరిక్ ప్యాటర్సన్. అయోవాలో పశువైద్యం చదివి టస్కిగీకి అధ్యక్షుడైన నల్లజాతి విద్యావేత్త. దక్షిణాది వెట్ కాలేజీలు నల్లజాతి విద్యార్థులను గడప తొక్కనివ్వని రోజులవి. ఎంత బాగా సైన్సు చదివినా చర్మం రంగు చూసి తిప్పి పంపిన అన్యాయానికి ఆ కాలేజీ గట్టి సమాధానం. దేశంలోని నల్లజాతి పశువైద్యుల్లో అత్యధికులు అక్కడ చదివినవారే. ఆడపిల్లల సంగతీ చాలాకాలం అంతే. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో చట్టం వచ్చాకే తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఇవాళ అమెరికా వెట్ కాలేజీల్లో ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఆడపిల్లలే.

పట్టికలో పిల్లలను ఎక్కువగా బెదరగొట్టేది ఆర్గానిక్ కెమిస్ట్రీ, దాని వెంట వచ్చే బయోకెమిస్ట్రీ. పెంపుడు పిల్లుల వైద్యం చేసేవారికి వాటి విలువ బాగా తెలుసు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ఆ మందును గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో పుష్కలంగా ఉంటుంది. పిల్లి కాలేయంలో అది చాలా తక్కువ. విషపదార్థం పేరుకుపోయి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఊపిరి అందదు. కుక్కకూ ఆవుకూ పిల్లికీ ఒకే మందు ఎందుకు పనికిరాదో అర్థం కావాలంటే ఈ అణువుల లెక్క తెలియాలి. ఒకే జాతికి వైద్యం చేసే మనుషుల డాక్టరు కన్నా పశువైద్యుడికే బయోకెమిస్ట్రీ అవసరం ఎక్కువని చెప్పినా అతిశయోక్తి కాదు.

1990ల మధ్యలో ఉమ్మడి దరఖాస్తు విధానం వచ్చాక ఒకే విద్యార్థి అనేక కాలేజీలకు ఒకేసారి పోటీపడడం మామూలైంది. పట్టికల మధ్య తేడాలు అప్పుడే తలనొప్పిగా మారాయి. ఒక కాలేజీ పశుపోషణ పాఠం అడిగితే మరొకటి అడగదు. జెనెటిక్స్ ఒకచోట తప్పనిసరి, ఇంకోచోట ఐచ్ఛికం. సభలో మాట్లాడడం నేర్పే కోర్సు కావాలనేవీ ఉన్నాయి. హైస్కూల్లో సంపాదించిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్రెడిట్లను కొన్ని ఒప్పుకోవు. ఏళ్ల కిందట చదివిన సైన్సు పాఠం చెల్లదనేవి కొన్ని. డిగ్రీ పట్టా లేకున్నా కోర్సులు పూర్తయితే చేర్చుకునే కాలేజీలు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రధాన సబ్జెక్టు ఏదన్నది అంత ముఖ్యం కాదు. ఎక్కువమంది బయాలజీ గానీ యానిమల్ సైన్స్ గానీ తీసుకుంటారు. కోర్సులు పూర్తిచేస్తే చరిత్ర చదివినవారికీ సీటు వస్తుంది. నగరంలో పెరిగి, ఆవు పక్కన ఎన్నడూ నిలబడని విద్యార్థికి యానిమల్ సైన్స్ నిజంగా మేలు చేస్తుంది. మేత, పునరుత్పత్తి, మంద యాజమాన్యం అక్కడే చేతికి వస్తాయి.

తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ పూర్తిచేసి అమెరికా వెళ్లేవారికి ఈ ప్రీ-వెట్ గొడవ లేదు. విదేశీ పట్టభద్రుల కోసం ఉన్న అర్హత పరీక్షలు, ఉత్తర అమెరికా లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లల దారి వేరు. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నాలుగైదు సెమిస్టర్లు తీసుకుంటాయి. దరఖాస్తేమో చేరడానికి దాదాపు ఏడాది ముందే వెళ్లాలి. కాబట్టి పశువైద్యం మీద మనసున్న పిల్లలు డిగ్రీ మొదటి ఏడాదిలోనే తమకు నచ్చిన మూడు నాలుగు వెట్ కాలేజీల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి, కెమిస్ట్రీని మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి.