ఒక తేదీ పుట్టిన కథ

2005 డిసెంబర్ 13. ఖమ్మం, భద్రాచలం అడవుల్లో పోడు చేసుకునే ఇంటింటికీ ఈ తేదీ తెలుసు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా తడుముకోకుండా చెబుతారు. ఆ రోజుకు ఆ నేల నీ సాగులో ఉంటే హక్కు పత్రం అడగొచ్చు. లేకపోతే నువ్వు ఆక్రమణదారుడివి. ఫారెస్టోళ్లు వచ్చి కందకం తవ్వి మొక్కలు నాటేస్తారు.

ఇంతకీ ఆ రోజు అడవిలో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఢిల్లీలో అటవీ హక్కుల బిల్లును లోక్‌సభలో పెట్టారు, అంతే. అది మంగళవారం కాక బుధవారం అయి ఉంటే తేదీ 14 అయ్యేది.

అనుమతి లేకుండా వచ్చి స్థిరపడినవాళ్లను ఏం చేయాలన్న తగాదా ఎక్కడ మొదలైనా చివరికి ఇలాంటి ఒక తేదీ దగ్గరికే చేరుతుంది. అందరినీ వెళ్లగొట్టడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు. అందరినీ ఉండనిస్తామని చెప్పే ధైర్యం ఏ పార్టీకీ ఉండదు. అందుకని ఫలానా రోజుకు ముందు వచ్చినవాళ్లను క్షమించి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు తలుపు మూసే ఉపాయం ఒకటి కనిపెట్టారు. అమెరికా దీన్ని 1929లోనే చట్టంలో రాసుకుంది: 1921 జూన్ 3కు ముందు నుంచీ ఉంటున్నవాళ్లకు సరైన కాగితాలు లేకపోయినా నివాస హక్కు ఇవ్వొచ్చని. ఆ గీత తర్వాత 1924కి, 1940కి, 1948కి జరిగింది. 1986లో మరోసారి జరిగి 1972 జనవరి 1 దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది నవంబర్ 6న రేగన్ సంతకం చేసిన చట్టం, 1982 జనవరి 1కి ముందు వచ్చినవాళ్లకు విడిగా ఇంకో దారి తెరిచింది. ఆ చట్టం కింద మొత్తం సుమారు 27 లక్షల మందికి నివాస హక్కు దొరికింది. ఒకసారి క్షమిస్తే రెండోసారి క్షమిస్తారన్న ఆశతో జనం వస్తూనే ఉంటారని అప్పుడు వ్యతిరేకులు అన్నారు. అక్కడ ఇప్పటికీ ఎన్నికలన్నీ ఆ మాట మీదే నడుస్తున్నాయి. ఖమ్మం జిల్లాలో పిల్లల్ని అమెరికా పంపిన కుటుంబాలు ఆ వాదనలను రోజూ టీవీలో చూస్తుంటాయి. ఇక్కడి చంద్రుగొండ అడవిలో పోడు మీద నడుస్తున్నదీ అదే వాదన అని వాళ్లలో ఎంతమందికి తడుతుందో నాకు అనుమానమే.

మా వైపు ఈ గీతల చరిత్ర పోడుతో మొదలు కాలేదు. నిజాం కాలపు ముల్కీ నిబంధనల ప్రకారం ఇక్కడ పుట్టనివాడు ముల్కీ, అంటే స్థానికుడు, కావాలంటే పదిహేనేళ్ల నివాసం చూపించాలి. 1969లోనూ 1972లోనూ తెలుగు నేల రగిలిపోవడానికి ఆ పదిహేనేళ్ల లెక్క ఒక కారణం. ఆ గొడవలు చల్లారాక 1973 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అయిన జలగం వెంగళరావు, వేంసూరు నియోజకవర్గం నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. పుట్టింది శ్రీకాకుళం వైపు, స్థిరపడింది ఖమ్మంలో. వేంసూరు, సత్తుపల్లి, అశ్వారావుపేటల్లో కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు చేసుకున్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. వాళ్లను ఇప్పుడెవరూ వలసదారులనరు.

అలా వచ్చినవాళ్లలో కొందరు ఏజెన్సీ గ్రామాల్లోకీ వెళ్లారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనలు 1963 నుంచి తెలంగాణ ఏజెన్సీకీ వర్తించాయి. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్భై సవరణ వాటికి కోరలు పెట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని మొదట అనుకోవాలి, కాదని నిరూపించుకునే భారం గిరిజనేతరుడిదే. ఇది గట్టిగా అమలైతే చాలామంది కదలాల్సి వచ్చేది. 1979లో ప్రభుత్వం జీవో 129 ఇచ్చింది. మాగాణి అయిదెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉన్న గిరిజనేతరుల జోలికి వెళ్లొద్దని దాని సారం. అది కోర్టులో నిలవలేదు. కానీ ఈ పక్కన బయటివాళ్లకు క్షమాభిక్ష పెట్టాలని ఒక ప్రభుత్వం తొలిసారి ఆలోచించింది పేద ఆదివాసీ కోసం కాదు, ఓటు బలమున్న రైతు కోసం. ఈ సంగతి మరిచిపోయి మాట్లాడేవాళ్లు మన చర్చల్లో ఎక్కువ.

ఇక అడవి గీత. 1980 అక్టోబర్ 25న అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా సెంటు అటవీ భూమిని కూడా వేరే పనికి ఇవ్వడానికి వీల్లేదంది. మరి అప్పటికే సాగులో ఉన్నవాళ్ల సంగతేమిటి? 1990 సెప్టెంబర్ 18న కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది: 1980కి ముందున్న సాగును క్రమబద్ధం చేయొచ్చు. కాగితం మీద ఉన్నంతగా నేల మీద జరగలేదు. 2002 మే 3న అదే శాఖ, ఆక్రమణలన్నీ సెప్టెంబర్ ఆఖరుకల్లా తొలగించమని రాష్ట్రాలకు రాసింది. దేశమంతా గుడిసెలు కూలాయి. దానికి జవాబుగా ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. 2004 ఫిబ్రవరిలో, ఎన్నికలు ముంచుకొస్తుండగా, గీతను 1993 డిసెంబర్ 31కి జరుపుతూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. సుప్రీంకోర్టు ఆ నెలలోనే దాన్ని ఆపేసింది.

అటవీ హక్కుల బిల్లు ఆ తొక్కిసలాటలో పుట్టింది. మొదటి ముసాయిదాలో తేదీ మళ్లీ 1980 అక్టోబర్ 25. హక్కులు షెడ్యూల్డు తెగలకే. బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి అధ్యక్షుడు మన పార్వతీపురం ఎంపీ, కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. పులుల సంరక్షకులు ఒకవైపు, ఆదివాసీ సంఘాలు ఇంకోవైపు. పాతికేళ్లలో కొట్టిన పోడంతా మాఫీ చేస్తే రేపు మళ్లీ గొడ్డలి పడుతుందన్నది మొదటివాళ్ల భయం. 1980లో ఫలానా చెలకలో జొన్న వేశానని రుజువు చేసే కాగితం కోయవాడి గుడిసెలో ఎలా ఉంటుందన్నది రెండోవాళ్ల ప్రశ్న. 2006 మేలో సంఘం ఇచ్చిన నివేదిక తేదీని ముందుకు జరిపింది. ఎక్కడికి జరపాలి? బిల్లు సభలోకి వచ్చిన రోజుకు. బిల్లు వస్తోందని తెలిసి అడవి కొట్టినవాడికి లాభం దక్కకూడదు కదా, అది తర్కం. షెడ్యూల్డు తెగలు కాని అటవీ నివాసులనూ చేర్చారు, కాకపోతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. 2006 డిసెంబర్‌లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

తర్కం బాగానే ఉంది. అయితే బిల్లు సభకు వచ్చిన 2005లోనే, జూన్‌లో, సరిహద్దు అవతల దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సాయుధులైన మనుషులు ఊళ్ల మీద పడ్డారు. ఇళ్లు కాలాయి. సల్వాజుడుం శిబిరాలకు రానివాడు మావోయిస్టు, వచ్చినవాడు ఇన్ఫార్మర్. రెండు తుపాకుల మధ్య నిలవలేక వేలమంది శబరి, తాలిపేరు వైపు నుంచి ఇటు దాటారు. దారి కొత్తది కాదు. ఏటా మిర్చి కోతలకు వచ్చిపోయే దారే. ఈసారి కూలి ముగిశాక వెనక్కి పోలేదు. చెలమ దొరికిన చోట గుంపు కట్టుకున్నారు, పక్కన పోడు కొట్టుకున్నారు. ఇక్కడివాళ్లు వాళ్లను గొత్తికోయలన్నారు.

వాళ్లలో ఎక్కువమంది 2006లోనూ ఆ తర్వాతా వచ్చినవాళ్లే. గీత అప్పటికే పడిపోయింది. సల్వాజుడుం మొదలైన ఆర్నెల్లకు పడిన గీత అది. చట్టంలో ఇంకో విశేషం ఉంది: అడవి నుంచి అక్రమంగా వెళ్లగొట్టినవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఇచ్చింది. కానీ అదీ 2005 డిసెంబర్ 13కు ముందు వెళ్లగొట్టినవాళ్లకే. నవంబర్‌లో ఇల్లు కాలినవాడు అడగొచ్చు, జనవరిలో కాలినవాడు అడగలేడు. గీత గీసినవాళ్లకు ఈ దుర్బుద్ధి లేదు. వాళ్ల కళ్ల ముందు ఉన్నది పోడు, యుద్ధం కాదు.

నిజానికి వీళ్లు విదేశీయులు కారు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన పౌరులు. ఓటరు కార్డు, ఆధార్ ఉన్నవాళ్లు చాలామంది. అయినా అక్రమ వలసదారుడి బతుకే. ఎస్టీ జాబితా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో గోండులు, మురియాలు, దోర్లాలు అయినవాళ్లు గోదావరి ఒడ్డుకు చేరేసరికి ఇక్కడ ఎస్టీలుగా చెల్లనివాళ్లయ్యారు. 2014లో పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినప్పుడు, అక్కడి గుంపులు గుడిసె కదపకుండానే ఇంకో రాష్ట్రంలోకి వలస వెళ్లినట్టయింది.

రెండు పక్కలా గాయాలున్నాయి. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు. 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలం ఎర్రబోడులో ప్లాంటేషన్ మొక్కల దగ్గర జరిగిన గొడవలో రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. ఖమ్మం జిల్లావాడే. మొక్కల్ని కాపాడే ఉద్యోగం చేస్తూ పోయాడు. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. కానీ శిక్ష ఆ ఇద్దరి దగ్గర ఆగలేదు. హత్య జరిగిన కొద్ది రోజుల్లోనే బెండాలపాడు గ్రామపంచాయతీ, ఎర్రబోడు గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. ఒక పంచాయతీ దేశపౌరులను రాష్ట్రం దాటించే తీర్మానం ఎలా చేస్తుందని న్యాయవాదులు అడిగారు. తీర్మానం చేసినవాళ్లలో స్థానిక ఆదివాసీలు లేరా అంటే, ఉన్న కొద్ది అడవినీ కొత్తగా వచ్చినవాళ్లతో పంచుకోవాలన్న భయం వాళ్లకూ ఉంది. ఆ భయాన్ని జాత్యహంకారమని కొట్టిపారేసే పట్నం వ్యాసాలు నాకు నచ్చవు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలు. తేదీ మారలేదు. అంతకు ముందు ఫిబ్రవరిలో శాసనసభలో ఆయన గొత్తికోయలను వేరు చేసి మాట్లాడారు, బయటి నుంచి వచ్చి అడవి నరుకుతున్నారని. తర్వాత ప్రభుత్వం మారింది, గీత అక్కడే ఉంది. సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న తీర్పు రాసిన ధర్మాసనంలోని జస్టిస్ సుదర్శన్ రెడ్డి 2025లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేస్తే, ఆ తీర్పునే ఆయన మీద ఎన్నికల ఆరోపణగా వాడారు. తీర్పు చేసిన నష్టం గురించి దేశమంతా వాదించుకుంది. సల్వాజుడుం తరిమినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారని ఆ వాదనలో అడిగినవాళ్లు తక్కువ.

2006లో ఈ గుంపుల్లో పుట్టిన పిల్లలకు ఓటు వయసు వచ్చేసింది. బడికి వెళ్లినవాళ్లు తెలుగులో చదువుకున్నారు. ఎస్టీ సర్టిఫికెట్ అడిగితే తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వరు, అది తండ్రి సొంత రాష్ట్రం నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా, తెలంగాణ ఉద్యోగాల్లో ఆ సర్టిఫికెట్ చెల్లదు.